‘ఇన్ ద మూడ్ ఫర్ లవ్’లో ఆ అలంకరణ అంతా దేనికోసం?

పాతరీలు:

వాంగ్ కార్-వై 2000లో తీసిన ‘ఇన్ ద మూడ్ ఫర్ లవ్’ను నిన్న రాత్రి మూడోసారి చూశాను. మన వేదికలో ఈ సినిమా ప్రస్తావన వచ్చినప్పుడల్లా ‘ఎంత అందంగా తీశారో’ అన్న ఒక్క మాటతో చర్చ ముగిసిపోతోంది. ఆ అందం దేనికోసమో కూడా మాట్లాడుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. అది 1962, హాంకాంగ్. పత్రికలో పనిచేసే చౌ మో-వాన్, ఓడల కంపెనీలో సెక్రటరీగా ఉన్న సు లీ-జెన్ ఒకే రోజున పక్కపక్క ఇళ్లలో చెరొక గది అద్దెకు దిగుతారు. ఇద్దరూ పెళ్లయినవారే. చౌ భార్యకూ, సు భర్తకూ మధ్య సంబంధం ఉందని వీరిద్దరికీ మెల్లగా అర్థమవుతుంది. అది బయటపడే తీరు చూడండి. ఆమె చేతిసంచీ లాంటిదే తన భార్య దగ్గర ఉందని అతనికి తెలుసు. అతని టై లాంటిదే తన భర్త దగ్గర ఉందని ఆమెకు తెలుసు. హోటల్లో ఎదురెదురుగా కూర్చుని, ఆ సంచీ ఎక్కడ కొన్నారు, ఆ టై ఎక్కడిది అని ఎంతో మర్యాదగా అడుగుతూ ఒకరి నుంచి ఒకరు నిజాన్ని రాబట్టుకుంటారు. ఏడుపులు లేవు, శాపనార్థాలు లేవు. ఆ తర్వాత, అసలు ఆ సంబంధం ఎలా మొదలై ఉంటుందో తెలుసుకోవాలని, తమను మోసం చేసిన ఆ ఇద్దరి పాత్రలనూ తామే వేసి చూసుకుంటారు. అలా వేసి చూసుకుంటూనే ప్రేమలో పడతారు. ‘మనం వాళ్లలా కాకూడదు’ అన్న పట్టుదల ఒక్కటే వారిని ఆపుతుంది.

ఈ సినిమాలో ‘ఇది తప్పు’ అని గొంతెత్తి చెప్పేవారు ఎవరూ లేరు. కర్ర పట్టుకుని అడ్డం నిలబడే తండ్రి లేడు, పంచాయతీ లేదు. అడ్డుకునే పని అంతటినీ దర్శకుడు ఇరుకు నడవలకు, తలుపుల చట్రాలకు, మెడ దాకా బిగిసిన బట్టలకు అప్పగించాడు. కాబట్టి ఇందులో అలంకరణను పక్కన పెట్టి కథను విడిగా చూడడం కుదరదని నా అభిప్రాయం. మీరేమంటారు?

నిక్కచ్చి:

పాతరీలు గారూ, మీ అభిప్రాయంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. నేను ఈ సినిమాను రెండుసార్లు చూశాను, రెండుసార్లూ అది నన్ను గుమ్మం బయటే నిలబెట్టింది. సు లీ-జెన్ నూడుల్స్ తెచ్చుకోవడానికి డబ్బా పట్టుకుని మెట్లు దిగుతుంది, దృశ్యం నెమ్మదిస్తుంది, వయొలిన్ మోగుతుంది. మరికొంతసేపటికి మళ్లీ అవే మెట్లు, అదే నెమ్మది, అదే వయొలిన్. ఒకసారి చూసినప్పుడు కలిగిన అనుభూతి నాలుగోసారికి అలవాటుగా మారిపోతుంది. ఇరుకు గదిలో అద్దెకు ఉంటూ ఉద్యోగం చేసుకునే మనిషి ప్రతి రాత్రీ వీధి చివర నూడుల్స్ కోసం అంత ముస్తాబుతో వెళుతుందంటే, అక్కడ నాకు మనిషి కనబడడం లేదు, క్యాలెండరు బొమ్మ కనబడుతోంది.

మరొక విషయం కూడా ఉంది. పూర్తి స్క్రిప్టు లేకుండా సుమారు 15 నెలల పాటు షూటింగ్ జరిపారు. వారిద్దరూ శారీరకంగా దగ్గరయ్యే సన్నివేశాన్ని కూడా తీసి, చివరకు తొలగించారు. అంటే ఆ ఇద్దరి మధ్య ఏం జరిగిందో దర్శకుడికే చాలాకాలం నిర్ణయం కాలేదు. ఆ సందిగ్ధాన్ని మనం నిగ్రహం అని పిలిచి మెచ్చుకుంటున్నామేమోనని నా అనుమానం.

నూలుపోగు:

మా ఇంట్లో మూడు తరాలుగా దర్జీ పనే జీవనాధారం. అందుచేత నేను బట్టల గురించి మాత్రమే మాట్లాడతాను.

ఆమె తొడుక్కునేది చెంగ్సామ్, అంటే ఒంటికి బిగుతుగా, మెడకు నిలువు కాలరుతో ఉండే చైనా గౌను. ఇప్పుడు మనకు తెలిసిన రూపంలో అది 1920ల ప్రాంతంలో షాంఘైలో స్థిరపడిన దుస్తు. 1949 తర్వాత షాంఘై దర్జీలు చాలామంది హాంకాంగ్ చేరుకోవడంతో అక్కడ దానికి గొప్ప కాలం వచ్చింది. ఈ సినిమాలో సు లీ-జెన్ పాత్ర వేసిన మ్యాగీ చంగ్ ఇరవైకి పైగా చెంగ్సామ్‌లలో కనబడుతుంది. వాటి కాలరు మామూలు ఎత్తు కాదు. దవడ కిందికి వచ్చేంత ఎత్తుగా, లోపల గట్టి అస్తరు వేసి నిలబెట్టిన కాలరు అది. అటువంటి కాలరు తొడుక్కున్న మనిషి తల వంచి నేల చూడడం కష్టం. నడుము దగ్గర, తొడల దగ్గర కొలతకు ఒక్క నూలు కూడా వదలకుండా కుట్టడం వల్ల అడుగు పెద్దగా పడదు, కుర్చీలో వెనక్కి వాలి కూర్చోవడం కుదరదు. కొలత తీసుకునేటప్పుడు మేము ‘ఊపిరి వదలండి’ అంటాం. ఈ బట్టకు కొలత తీసినవారు ‘ఊపిరి బిగపట్టండి’ అని ఉంటారనిపిస్తుంది. ఆమె నిటారుగా నడిచేది గర్వం వల్ల కాదు, బట్ట ఆమెను వంగనివ్వదు కాబట్టి.

నిక్కచ్చి గారూ, నూడుల్స్ కోసం ఇంత ముస్తాబా అన్న మీ ప్రశ్నను సినిమాలోని పొరుగింటివారే అడుగుతారు, గమనించారా? ఆ మాట వినగానే ఆమె రోజూ ఎంతమంది కళ్లముందు నుంచి నడిచి వెళుతోందో అర్థమవుతుంది. భర్త ఊళ్లో లేడు, ఒంటరిగా తినాలి, ఆ ఒంటరితనం ఎవరికీ తెలియకూడదు. అటువంటప్పుడు మనిషి బట్టను ఇంకా శ్రద్ధగా కట్టుకుంటుంది.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఈ సినిమాకు దుస్తులు, కళాదర్శకత్వం, ఎడిటింగ్ మూడూ విలియం చాంగ్ ఒక్కరే చూశారు. అతుకు ఎక్కడ పడిందో తెలియని చోట ఆమె చెంగ్సామ్ మీది పువ్వు మారుతుంది, అప్పుడే మనకు రోజు మారిందని తెలుస్తుంది. బట్ట కత్తిరించిన చేతే ఫిల్మునూ కత్తిరించింది కాబట్టి అది సాధ్యమయిందని నేను నమ్ముతున్నాను.

దీవివాసి:

నేను ఉద్యోగరీత్యా తొమ్మిదేళ్లుగా హాంకాంగ్‌లో ఉంటున్నాను. ఈ కథకు వెనకనున్న ఊరి గురించి కొంత చెప్పడం అవసరమనిపించింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945 నాటికి ఇక్కడ జనాభా సుమారు 6 లక్షలు. 1961 జనాభా లెక్కల నాటికి 31 లక్షలు దాటింది. వచ్చినవారిలో అధిక భాగం చైనా ప్రధాన భూభాగం నుంచి వచ్చినవారే. అంతమందికి ఇళ్లు ఎక్కడివి? ఒక కుటుంబం ఇల్లు అద్దెకు తీసుకుని, అందులో గదులను మళ్లీ అద్దెకిచ్చేది. సినిమాలో సు లీ-జెన్‌కు గది ఇచ్చిన మిసెస్ సూన్ అటువంటి గృహిణి, షాంఘై నుంచి వచ్చిన మనిషి. ఆవిడ షాంఘై భాషలో మాట్లాడుతుంటే కథానాయిక ఇక్కడి కాంటొనీస్ భాషలో జవాబిస్తుంది, ఎవరికీ అది వింతగా తోచదు. ఆ పాత్ర వేసిన రెబెక్కా పాన్ అసలు గాయని, ఆమె కూడా షాంఘైలో పుట్టినవారే. దర్శకుడు సైతం 1958లో షాంఘైలో పుట్టి అయిదేళ్ల వయసులో ఇక్కడికి వచ్చాడు. కాబట్టి ఇది పిల్లవాడిగా విన్న మాటలను, చూసిన పెద్దవాళ్ల బట్టలను, వంటింటి వాసనలను జ్ఞాపకంలోంచి తిరిగి కట్టిన ఊరు. అసలు ఊరు అప్పటికే మిగలలేదు. అందువల్ల పాత వీధుల దృశ్యాలను చాలావరకు బ్యాంకాక్‌లో తీయవలసి వచ్చింది. వారిద్దరూ కూర్చున్న హోటలు మాత్రం ఇక్కడి కాజ్‌వే బే ప్రాంతంలోని ‘గోల్డ్‌ఫించ్’. 2015లో అది కూడా మూతపడింది.

ఇక ‘ఇది తప్పు’ అని గొంతెత్తి చెప్పేవారు ఎవరూ లేరన్న పాతరీలు గారి మాటకు వద్దాం. బ్రిటిష్ పాలనలో ఉన్నప్పటికీ హాంకాంగ్‌లో చైనీయుల వివాహాలకు ఒకప్పుడు చైనాను ఏలిన చింగ్ వంశపు కాలంనాటి ఆచారమే చాలాకాలం చెల్లుబాటయింది. దాని ప్రకారం పురుషుడు భార్య ఉండగానే ఉపపత్నిని తెచ్చుకోవచ్చు. 1971 అక్టోబరు 7న కొత్త వివాహ చట్టం అమలులోకి వచ్చేవరకు అది చట్టసమ్మతమే. సు లీ-జెన్ పనిచేసే ఆఫీసులో యజమాని హో గారిని గుర్తు తెచ్చుకోండి. ఆయనకు ఇంట్లో భార్య ఉంది, బయట మరొకామె ఉంది. ఎవరితో ఎప్పుడు భోజనమో సర్దుబాటు చేసేది, ఫోనులో ఒకరికి తెలియకుండా మరొకరికి సర్దిచెప్పేది సు లీ-జెనే. ఆ పనికి ఆమెకు జీతం. పగలంతా ఒక మగవాడి రెండు కాపురాలను ఎవరూ తప్పుపట్టకుండా నడిపించిన ఆ మనిషే, సాయంత్రం ఒక స్నేహితుడితో కలిసి టాక్సీ దిగడానికి జంకుతుంది. చిన్న పాత్ర అని హో గారిని చాలామంది వదిలేస్తారు. నాకు మాత్రం ఈ కథలోని అన్యాయం అంతా ఆ ఆఫీసు గదిలోనే కనబడింది.

తులసికోట:

దీవివాసి గారి వివరణ చదివాక నా మాట కూడా చెప్పాలనిపించింది. పెళ్లయిన కొత్తలో మేము విజయవాడలో ఒక లోగిలిలో పోర్షన్ తీసుకుని ఆరేళ్లు ఉన్నాం. నాలుగు పోర్షన్లకు ఒకే కుళాయి, ఒకే వీధి తలుపు. ఆ రోజుల్లో నేను నేర్చుకున్నది ఏమిటంటే, అటువంటి ఇంట్లో మంచివాళ్లే మనల్ని ఎక్కువగా కట్టిపడేస్తారు. ‘భోజనం అయిందా’, ‘ఆయన ఇంకా రాలేదా’, ‘ఈ వేళప్పుడు ఎక్కడికి’ అన్న మాటల్లో ద్వేషం ఏమీ ఉండదు. ప్రేమగానే అడుగుతారు, దానికి ప్రతిరోజూ జవాబు చెప్పుకోవాలి.

మిసెస్ సూన్ సరిగ్గా అటువంటి మనిషి. వచ్చి తమతో పాటు భోంచేయమని పదేపదే పిలుస్తుంది, సు లీ-జెన్ ప్రతిసారీ సున్నితంగా తప్పించుకుంటుంది. ఆ తర్వాత ఒక రోజు, ఆమె రాత్రి పొద్దుపోయి ఇంటికి వస్తోందని గమనించి, వయసులో ఉన్నప్పుడు సరదాగా తిరగడం మంచిదే కానీ అతి పనికిరాదని చెబుతుంది. అంతకు మించి ఒక్క మాట అనదు. మరునాటి నుంచి సు లీ-జెన్ బయటికి వెళ్లడం మానేస్తుంది. చెంపదెబ్బ కూడా అంత పని చేయదు.

మాజాంగ్ (పలకలతో ఆడే చైనా ఆట) రాత్రిని ఎవరూ ప్రస్తావించలేదు. చౌ పత్రికకు సీరియల్ రాయడంలో సాయం చేయడానికి ఆమె అతని గదిలోకి వచ్చి కూర్చుని ఉండగా ఇంటివాళ్లు అనుకోకుండా తిరిగి వస్తారు, మాజాంగ్ మొదలవుతుంది, అది తెల్లవార్లూ సాగుతుంది. ఆమె గది నుంచి బయటపడే దారి లేదు. వారిద్దరి మధ్య ఏ తప్పూ జరగలేదు. అయినా అంతసేపూ నేరం చేసినవారిలా గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు, దొరికింది పంచుకుని తింటారు. చివరకు ఆమె బయటినుంచి ఇంటికి వచ్చినట్టు నటించడానికి అతని భార్య చెప్పులు తొడుక్కుని వెళ్లవలసి వస్తుంది. అవి ఆమెకు బిగుతు. తన గదిలోకి చేరి, మంచం మీద కూర్చుని ఆ చెప్పులు విప్పుకునే క్షణం నాకు ఎంతో దగ్గరగా తోచింది. ఏ స్త్రీ వల్ల తన సంసారం పాడయిందో ఆ స్త్రీ చెప్పుల్లోనే నడవాల్సి రావడం, అవి కాలిని కొరకడం! ఈ ఒక్క సంగతి రాసినవారికి నేను నమస్కరిస్తాను.

తిశ్రనడక:

సంగీతం పునరావృతమవుతోందని నిక్కచ్చి గారు అన్నారు కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

మెట్ల దృశ్యాల్లో వినబడేది షిగేరు ఉమెబయాషి కూర్చిన స్వరం. దాన్ని ఆయన మొదట ఈ సినిమా కోసం చేయలేదు. సెయిజున్ సుజుకి 1991లో తీసిన ‘యుమేజీ’ అనే జపాను సినిమా కోసం చేశాడు. అది వాల్ట్‌జ్, అంటే మూడు మాత్రల నడక. మన పరిభాషలో తిశ్రం. కింద తంత్రులను మీటుతూ మూడు దెబ్బలు పడుతుంటాయి, పైన వయొలిన్ సాగదీసి పలుకుతుంది. వాల్ట్‌జ్ అన్నది జంటగా చేసే నృత్యం. ఇద్దరు ఒకరినొకరు పట్టుకుని తిరగవలసిన తాళం మీద ఇక్కడ ఒక మనిషి ఒంటరిగా మెట్లు దిగుతుంది, మరొక మనిషి ఒంటరిగా మెట్లు ఎక్కుతాడు. ఇరుకు మెట్ల మీద ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ భుజాలు తగలకుండా పక్కకు ఒదుగుతారు. నృత్యానికి కావలసినవన్నీ ఉన్నాయి, పట్టుకునే చేయి ఒక్కటే లేదు. అందుకే స్వరం మారకూడదు. మారితే కథ ముందుకు కదిలినట్టు, మారకపోతే వాళ్లు అక్కడే చిక్కుకున్నట్టు.

సినిమా చైనీస్ పేరు కూడా ఒక పాటదే. 1940లలో షాంఘైలో పేరు పొందిన గాయని జౌ షువాన్ పాడిన పాట అది. ‘పూలవంటి వయసు’ అని ఆ పేరును మనం చెప్పుకోవచ్చు. జపానులో ఉన్న భర్త ఆమె పుట్టినరోజుకు రేడియోలో ఆ పాట వేయించమని కోరతాడు. ఆమె తన గదిలో గోడకు ఆనుకుని వింటుంది, గోడకు అవతల అతను వింటాడు. కెమెరా ఒకరి నుంచి ఇంకొకరికి గోడను దాటుకుంటూ మెల్లగా జరుగుతుంది. శుభాకాంక్షలు పంపింది భర్త, ఆ పాటను ఆమెతో కలిసి విన్నది మరొకరు. పాట అంటే పూరకం అనుకునే సినిమాలు వేలకొద్దీ ఉన్నాయి. ఇక్కడ మాత్రం ఆ పాటను తీసేస్తే ఒక పెద్ద సన్నివేశమే ఖాళీ అవుతుంది.

నిక్కచ్చి:

నూలుపోగు గారికి, తిశ్రనడక గారికి కృతజ్ఞతలు. బట్ట ఆమెను వంగనివ్వదన్న మాట నాకు తట్టలేదు, అది నా ఆలోచనను కొంత మార్చింది. పునరావృతం విషయంలో కూడా మీరు చెప్పిన కారణాన్ని అంగీకరిస్తున్నాను.

అయితే ఒక అభ్యంతరం మిగిలే ఉంది. 1966లో ఫ్రాన్సు అధ్యక్షుడు దగోల్ కంబోడియాకు వచ్చినప్పటి వార్తాచిత్రం చివర్లో హఠాత్తుగా వస్తుంది, వెంటనే ఆంగ్‌కోర్ వాట్ శిథిలాల్లో చౌ కనబడతాడు. గంటన్నర పాటు రెండు గదుల మధ్య జరిగిన కథను అంత దూరం తీసుకుపోవడం అవసరమా? అది గొప్పతనం కోసం వేసిన తోరణం లాగా నాకు అనిపించింది.

దీవివాసి:

నిక్కచ్చి గారూ, ఆ చివరి భాగాన్ని ఊరి కథతో కలిపి చూస్తే అంత హఠాత్తుగా తోచదని మనవి. 1966 ఏప్రిల్‌లో ఇక్కడ ఫెర్రీ చార్జీల పెంపు మీద మొదలైన నిరసన అల్లర్లుగా మారింది, మరుసటి ఏడాది అంతకంటే పెద్ద అల్లర్లు జరిగాయి. ఆ భయంతో ఊరు వదిలివెళ్లిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సినిమాలో మిసెస్ సూన్ అమెరికాలోని కూతురి దగ్గరికి ప్రయాణం కడుతుంది. చౌ అద్దెకున్న పక్కింటి యజమాని కూ గారు అప్పటికే ఫిలిప్పీన్స్ వెళ్లిపోయారు. ఏ కళ్లకు భయపడి వారిద్దరూ విడిపోయారో ఆ కళ్లన్నీ నాలుగేళ్లు తిరగకుండానే చెదిరిపోయాయి. సు లీ-జెన్ ఒక పిల్లవాడితో అదే ఇంట్లోకి తిరిగి వస్తుంది. చౌ పక్కింటి దాకా వచ్చి, ఇప్పుడు ఇక్కడ ఎవరుంటున్నారని అడుగుతాడు. ఒక స్త్రీ, ఆమె కొడుకు అని జవాబు వస్తుంది. ఆమె తలుపు ముందు క్షణం ఆగి, తట్టకుండానే వెళ్లిపోతాడు. ఆ వేళకు వారిని అడ్డుకునే మనిషి ఒక్కరు కూడా మిగలలేదు. అయినా చేయి తలుపు దాకా పోలేదు.

వార్తాచిత్రంలో ఉన్నది కూడా వెళ్లిపోయే కాలమే. ఒకప్పుడు ఆ దేశాన్ని ఏలిన ఫ్రాన్సుకు అధ్యక్షుడు అతిథిగా వచ్చి వెళుతున్నాడు. దాని పక్కన ఎనిమిది శతాబ్దాలకు పైగా నిలిచిన రాళ్లు ఉన్నాయి. నాకు అందులో ఆడంబరం కనబడలేదు.

పాతరీలు:

ఆంగ్‌కోర్ గురించి ఒక్క మాట కలుపుతాను. పాతకాలంలో ఎవరికీ చెప్పుకోలేని రహస్యం ఉంటే కొండెక్కి, చెట్టుకు తొర్ర తొలిచి, అందులో చెప్పి, మట్టితో మూసేవారని చౌ తన మిత్రుడు పింగ్‌తో అంతకుముందే అంటాడు. ఆంగ్‌కోర్‌లో అతను రాతిగోడలోని రంధ్రానికి నోరు ఆనించి చాలాసేపు మాట్లాడతాడు, మనకు ఒక్క ముక్క కూడా వినబడదు. అతను వెళ్లిపోయాక ఆ రంధ్రంలో గడ్డి, మట్టి కూరి ఉంటాయి. దూరంగా ఒక చిన్న బౌద్ధ భిక్షువు కూర్చుని ఇదంతా చూస్తూ ఉంటాడు. ఇంత సినిమాలో చౌను ఎవరో చూస్తున్నా అతను జంకని సన్నివేశం అది ఒక్కటే.

చౌ పాత్ర వేసిన టోనీ లియాంగ్‌కు 2000 కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి పురస్కారం వచ్చింది. ఛాయాగ్రాహకులు క్రిస్టఫర్ డోయల్, మార్క్ లీ పింగ్-బింగ్‌లకు, విలియం చాంగ్‌కు అదే ఉత్సవంలో సాంకేతిక పురస్కారం ఇచ్చారు. నటనకూ అలంకరణకూ విడివిడిగా ఇచ్చారు కానీ, ఆ గోడ దగ్గర అతని వీపును చూసినప్పుడు రెంటినీ నేను విడదీయలేకపోయాను.

తులసికోట:

నల్ల నువ్వుల జావ సంగతి ఎవరైనా రాస్తారేమోనని చూశాను. అతనికి జ్వరం వస్తుంది, నువ్వుల జావ తాగాలని ఉందని అన్నట్టు పింగ్ ద్వారా ఆమెకు తెలుస్తుంది. అతని ఒక్కడికే చేసిస్తే పదిమందీ గమనిస్తారు. అందుకని ఆమె పెద్ద గిన్నె నిండా కాచి ఇల్లంతటికీ పంచుతుంది. తర్వాత అతను, ఆ రోజు తనకు దాని మీదే మనసు పోయిందని, భలే కుదిరిందని కృతజ్ఞత చెబితే, ఏమీ తెలియనట్టు ‘అలాగా’ అంటుంది. ఒక్కడికి పెట్టాలని ఇంటెడుమందికి వండిన ఆడవాళ్లను నేను ఎరుగుదును. ఈ సన్నివేశం గురించి పుస్తకాల్లో ఎక్కడా చదవలేదు కానీ, నాకు ఇది, అతను రాసుకోవడానికి తీసుకున్న హోటలు గది ఎర్ర తెరల కంటే ఎక్కువ గుర్తుంది.

నిక్కచ్చి:

మీ అందరి మాటలు మనసులో పెట్టుకుని ఈ రోజు మళ్లీ చూశాను. ఆంగ్‌కోర్ విషయంలో నా అభిప్రాయం ఇంకా పూర్తిగా మారలేదు. అయితే ఒక దృశ్యం దగ్గర మూడుసార్లు వెనక్కి వెళ్లవలసి వచ్చింది.

అతను సింగపూర్ వెళ్లిపోవాలని నిర్ణయించుకుంటాడు. విడిపోవడం ఎలా ఉంటుందో కూడా ముందే వేసి చూసుకుందామని ఇద్దరూ అనుకుంటారు. రాత్రివేళ సందులో, గోడ పక్కన నిలబడతారు. ఇకమీదట మనం కలుసుకోవద్దని అతను అంటాడు, ఆమె చేతిని వదిలి నడిచి వెళ్లిపోతాడు. ఇంతకుముందు నేను ఆ దృశ్యంలో అతని వీపునే చూశాను. ఈసారి నూలుపోగు గారు చెప్పిన బట్ట గుర్తుండి ఆమె వైపే చూశాను. ముఖంలో ఏమీ కదలదు, కాలరు పైన తల నిటారుగానే ఉంది. అతను వదిలిన చేయి మాత్రం తన రెండో చేతిని పట్టుకుంటుంది, వేళ్లు చర్మంలోకి దిగేంత గట్టిగా నొక్కుతాయి. ఆ తర్వాతే ఆమె ఏడుస్తుంది. ఇది ఉత్తుత్తి అభ్యాసమే కదా, ఏడవకు అని అతను తిరిగి వచ్చి ఓదారుస్తాడు.

ఆ వేళ్లను నేను రెండుసార్లు చూసిన సినిమాలో చూడలేదు.